ఏటవాలు అక్షరం పుట్టిన వాడ

శుభలేఖ మీద వధూవరుల పేర్లు ఇంగ్లిష్‌లో అచ్చువేయించాలంటే ముందుగా గుర్తొచ్చేది ఆ అక్షరమే. పక్కకు కాస్త ఒరిగి, కొసలు సన్నగా సాగి, ఎవరో తీరిగ్గా కలంతో రాసినట్టుంటుంది. దాని పేరే చెబుతుంది పుట్టిల్లెక్కడో... ఇటాలిక్! ఇటలీలోని వెనిస్‌లో ఒక పాత వాడకు వెళితే ఆ అక్షరం పుట్టిన చోటును చూడొచ్చు. దాన్ని చెక్కిన మనిషి పేరు ఎందుకు మరుగున పడిందో తెలుసుకోవచ్చు.

వెనిస్‌కు వెళ్లేవాళ్లలో చాలామంది పడవ ఎక్కుతారు, సెయింట్ మార్క్ కూడలిలో పావురాల మధ్య ఫొటో దిగుతారు, రియాల్టో వంతెన మీద నిలబడి కాలువను చూస్తారు. తిరుగు ప్రయాణమవుతారు. వంతెన దిగి జనం వెళ్లే దారి వదిలి పడమటి వైపు సందుల్లోకి నడిస్తే వేరే వెనిస్ కనిపిస్తుంది. తీగల మీద ఆరేసిన బట్టలు, తలుపు ముందు కబుర్లాడుకునే ముసలమ్మలు, కూడలి మధ్యలో బంతి తన్నే పిల్లలు. ఇక్కడ దారి చూపేవి గోడలే. సున్నం పూసిన తెల్లని చదరాల మీద నల్లని అక్షరాలతో వీధుల పేర్లు రాసి ఉంటాయి. వాటిని స్థానికులు ‘నిజియొలేతి’ అంటారు. చిన్న దుప్పట్లు అని అర్థమట!

అలా ఫ్రారీ చర్చి దాటి, సాంత్ అగొస్తిన్ అనే కూడలి దగ్గరకొస్తే ‘రియో తెరా సెకొందో’ అనే వీధి వస్తుంది. రియో తెరా అంటే పూడ్చిన కాలువ. ఒకప్పుడు ఇక్కడ పడవలు తిరిగేవన్నమాట. ఆ వీధిలో ఒక పాత ఇంటి గోడకు రాతి ఫలకం ఉంది. ఆల్డస్ మనూషియస్ ఇక్కడే ఉండేవాడనీ, గ్రీకు సాహిత్యపు వెలుగు ఇక్కడి నుంచే మళ్లీ లోకానికి అందిందనీ దాని సారాంశం. ఇల్లు సరిగ్గా ఇదేనా అన్న విషయంలో పండితులకు పేచీ ఉంది కానీ, వాడ మాత్రం ఇదే. 1501 ఏప్రిల్‌లో లోకంలోనే మొట్టమొదటిసారి పూర్తిగా ఏటవాలు అక్షరాలతో ఒక పుస్తకం అచ్చయి బయటికొచ్చింది ఈ వాడ నుంచే!

పంతులుగారి ప్రెస్సు

ఆల్డస్ పుట్టుకతో వెనిస్ వాడు కాదు. రోమ్‌కు దగ్గర్లోని బస్సియానో అనే కొండ ఊరు ఆయనది. వృత్తి బడిపంతులు. కార్పి రాజకుటుంబం పిల్లలకు లాటిన్, గ్రీకు చెప్పేవాడు. నలభై ఏళ్ల వయసులో, అందరూ స్థిరపడే సమయంలో, వెనిస్ చేరాడు. గ్రీకు పుస్తకాలు చేతిరాత ప్రతుల్లోనే మగ్గిపోతున్నాయన్నది ఆయన బాధ. వాటిని అచ్చువేయాలన్నది కోరిక.

అందుకు వెనిస్‌ను మించిన ఊరు లేదు. 1469లో అక్కడ మొదటి అచ్చాఫీసు పెట్టారు. ఇరవై ముప్పై ఏళ్లు తిరిగేసరికి ఐరోపా మొత్తంలోనే పుస్తకాల అచ్చుకు పెద్ద కేంద్రంగా మారిపోయింది. కాగితం తెచ్చే పడవలు, పుస్తకాలు మోసుకెళ్లే ఓడలు, పెట్టుబడి పెట్టే వర్తకులు... అన్నీ అక్కడే. రియాల్టో నుంచి సెయింట్ మార్క్‌కు వెళ్లే ‘మెర్చెరియా’ వీధిలో వరసగా పుస్తకాల దుకాణాలుండేవి. ఇప్పుడదే వీధిలో చేతి సంచులు, బూట్లు, గాజు బొమ్మలు అమ్ముతున్నారు.

ఆల్డస్‌కు ఇద్దరు భాగస్వాములు దొరికారు. ఒకరు ముద్రణలో అనుభవమున్న ఆంద్రెయా తొర్రెసానీ, మరొకరు పాలక కుటుంబానికి చెందిన బార్బారిగో. 1495లో గ్రీకు వ్యాకరణంతో మొదలుపెట్టి 1498కల్లా అరిస్టాటిల్ రచనలను అయిదు భారీ సంపుటాలుగా తెచ్చేశారు. పని ఒత్తిడి ఎంతగా ఉండేదంటే, ఆల్డస్ తన గది తలుపు మీద ఒక నోటీసు పెట్టుకున్నాడు. ఎవరైనా సరే, వచ్చిన పనేమిటో రెండు ముక్కల్లో చెప్పి వెళ్లిపోవాలి, లేదంటే పనిలో ఓ చెయ్యి వేయాలి అని! కబుర్ల కోసం వచ్చేవాళ్లతో విసిగిపోయిన అచ్చాఫీసు యజమాని ఎవరైనా ఆ నోటీసును ఇప్పటికీ అరువు తెచ్చుకోవచ్చు.

కలం వాలితే అక్షరం వాలింది

ఇంతకీ అక్షరం పక్కకు ఎందుకు ఒరిగింది? అందం కోసం కాదు, తొందర కోసం.

1420ల్లో ఫ్లోరెన్స్‌లో నికొలో నికొలి అనే పండితుడుండేవాడు. పాత లాటిన్ గ్రంథాలను తన చేత్తోనే నకలు రాసుకునేవాడు. నిటారు అక్షరాలను ఒక్కొక్కటిగా దిద్దుతూ కూర్చుంటే పని తెమలదు. అందుకని కలాన్ని కాగితం మీద నుంచి తక్కువసార్లు ఎత్తుతూ, ఒక అక్షరం కొసను పక్కదానికి కలుపుతూ వేగంగా రాసేవాడు. వేగం పెరిగేకొద్దీ అక్షరాలు కుడివైపుకు వాలాయి, సన్నబడ్డాయి, దగ్గరయ్యాయి. ఆ రాత చదువుకున్నవాళ్లకు నచ్చింది. క్రమంగా ప్రభుత్వ కార్యాలయాల గుమస్తాలూ దాన్ని అందిపుచ్చుకున్నారు. అందుకే ఇటలీవాళ్లు దాన్ని ఇటాలిక్ అనరు. ‘కొర్సివో’ అంటారు. పరుగెత్తేది అని అర్థం. అక్కడి పత్రికల్లో చిన్న వ్యాఖ్యల శీర్షికకూ అదే పేరు. వాటిని ఈ అక్షరాల్లోనే అచ్చువేసేవారు మరి!

ఏ లిపికైనా రూపమిచ్చేది పనిముట్టే. తాటాకు మీద ఘంటంతో రాసిన చోట తెలుగు అక్షరం గుండ్రంగా తిరిగింది. కోసిన ఈకతో కాగితం మీద రాసిన చోట లాటిన్ అక్షరం ఏటవాలుగా పరుగెత్తింది.

ఆల్డస్‌కు కవి, పండితుడు అయిన పియెత్రో బెంబో మంచి స్నేహితుడు. బెంబో తండ్రి గ్రంథాలయంలో చేతిలో పట్టేంత చిన్న చిన్న రాతప్రతులుండేవి. పాదువాకు చెందిన బార్తొలొమెయో సాన్వితో లాంటి గొప్ప లేఖకులు ఆ కాలంలో ఈ వాలు రాతను ముత్యాల్లా రాసేవారు. చిన్న సైజు పుస్తకాల ఆలోచన ఆ గ్రంథాలయం నుంచే వచ్చిందని ఆల్డస్ తర్వాత రోజుల్లో స్వయంగా ఒప్పుకున్నాడు. ధనవంతుల బీరువాల్లో ఉన్న ఆ అందం అచ్చు పుస్తకంలోకి వస్తే? ఆలోచన బాగానే ఉంది. కానీ కలం చేసే పనిని సీసం చేత చేయించాలి. అది చేయగలవాడు కావాలి.

ఉక్కు మీద చేతిరాత

ఆ మనిషే ఫ్రాంచెస్కో గ్రిఫో. బొలోన్యా ఊరివాడు, కంసాలి కుటుంబంలో పుట్టాడు.

ఆ రోజుల్లో ఒక అక్షరం తయారీ అంటే మాటలు కాదు. ముందు ఉక్కు కడ్డీ కొస మీద అక్షరాన్ని ఎదురుతిప్పి, అద్దంలో కనిపించినట్టు చెక్కాలి. అదీ బియ్యపు గింజంత చోటులో! దాన్ని రాగి ముక్క మీద పెట్టి సుత్తితో కొడితే గుంట పడుతుంది. ఆ గుంటను అచ్చులో బిగించి కరిగిన సీసం మిశ్రమం పోస్తే అక్షరం తయారవుతుంది. ఒక్క కడ్డీ చెక్కితే వేల అక్షరాలు పోత పోయొచ్చు. చెక్కడంలో వెంట్రుకవాసి తేడా వస్తే ఆ వేల అక్షరాలకూ అదే తేడా.

నిటారు అక్షరాలకు ఇదే కష్టమైతే వాలు అక్షరాలకు రెట్టింపు. సీసం దిమ్మె నలుచదరంగా ఉంటుంది, అక్షరం మాత్రం పక్కకు వాలాలి. పక్క అక్షరంతో చెయ్యి కలిపినట్టుండాలి, మధ్యలో ఖాళీ కనిపించకూడదు. అందుకని గ్రిఫో విడి అక్షరాలతో సరిపెట్టుకోలేదు. రెండేసి అక్షరాలు కలిసిన జంటలను పదుల సంఖ్యలో ఒకే దిమ్మె మీద చెక్కాడు. పెద్ద అక్షరాలను మాత్రం నిటారుగానే, చిన్న సైజులో ఉంచాడు. పద్యపాదం మొదట ఒక పెద్ద అక్షరం బుద్ధిగా నిలబడితే, వెనక చిన్నవన్నీ ఒరుగుతూ పరుగెత్తుతుంటాయి.

1500లో సియెనా సెయింట్ కేథరిన్ ఉత్తరాల పుస్తకంలో, ఒక బొమ్మ మీద నాలుగైదు మాటల్లో ఈ అక్షరం మొదటిసారి తొంగిచూసింది. మరుసటి ఏడాది రోమన్ మహాకవి వర్జిల్ కావ్యాలు మొత్తం అందులోనే అచ్చయ్యాయి. ఆ పుస్తకం మొదట్లో ఆల్డస్ మూడు పాదాల పద్యం వేశాడు. ఈ అక్షరాలు బొలోన్యా ఫ్రాంచెస్కో చేతి చలువ అంటూ, గ్రీకు పురాణాల్లోని శిల్పి డెడాలస్‌తో అతణ్ని పోల్చాడు. మన మయుడితో పోల్చినట్టన్నమాట. అచ్చాఫీసు పనివాడి పేరు పుస్తకంలో వేయడం అప్పట్లో అరుదైన గౌరవం. గ్రిఫోకు ఆల్డస్ నుంచి దక్కిన గౌరవంలో ఇప్పటికీ చెప్పుకొనేది ఆ మూడు పాదాలే.

చంకలో కావ్యం

అప్పటిదాకా కావ్యమంటే బల్ల మీద పెట్టి చదవాల్సిన బరువైన గ్రంథం. మధ్యలో నాలుగు పాదాల మూలం, చుట్టూ నాలుగు వైపులా వ్యాఖ్యానం. ఆల్డస్ వ్యాఖ్యానాలన్నీ తీసేశాడు. కవి మాటలు మాత్రమే ఉంచి, చేతిలో ఇమిడే సైజులో పుస్తకాన్ని కుదించాడు. వర్జిల్ తర్వాత అదే ఏడాది పెట్రార్క్, 1502లో దాంతే వచ్చారు. కాగితం ఆదా కోసమే ఏటవాలు అక్షరం కనిపెట్టారని చాలాచోట్ల రాస్తారు కానీ, ఆదా అంత పెద్దదేం కాదు. అసలు మెరుపు వేరే ఉంది. పెద్దింటివాళ్లకు మాత్రమే దొరికే చేతిరాత పుస్తకం లాంటిది ఒక విద్యార్థి చేతికి, ఒక ఉద్యోగి చేతికి వచ్చింది.

ఫ్లోరెన్స్ రాజనీతిజ్ఞుడు మాకియవెల్లి పదవి పోయి పల్లెలో ఉంటూ 1513లో స్నేహితుడికి ఉత్తరం రాశాడు. పిట్టల వలలు చూడ్డానికి వెళుతూ చంకలో దాంతేనో పెట్రార్కునో పెట్టుకుని వెళతానని అందులో చెప్పాడు. పుస్తకం బల్ల దిగి పొలం గట్టుకు వచ్చిన కాలమది!

హాలండ్ పండితుడు ఎరాస్మస్ అయితే ఆ చిన్న అక్షరాలంత చక్కనివి లోకంలో లేవని, తన అనువాదాలు వాటిలో అచ్చయితే చిరంజీవులవుతాయని ఆల్డస్‌కు ఉత్తరం రాసి మరీ అచ్చువేయించుకున్నాడు. 1508లో వెనిస్ వచ్చి, తొర్రెసానీ ఇంట్లో నెలల తరబడి ఉండి మరో పుస్తకం పూర్తి చేశాడు. ప్రెస్సు గదిలోనే ఒక మూల కూర్చుని ఆయన రాస్తుంటే, పక్కనే ఆల్డస్ ప్రూఫులు దిద్దేవాడు. అక్షరాలను మెచ్చుకున్న ఎరాస్మస్ ఆ ఇంటి భోజనాన్ని మాత్రం క్షమించలేదు. పిసినారి ఇంటి పలచని చారు, నీరుగారిన వైన్ గురించి తర్వాత ఏకంగా ఒక హాస్య సంభాషణే రాసి అచ్చువేశాడు!

అక్షరం ఎవరిది?

పేరొచ్చాక దొంగలూ వస్తారు. ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ముద్రాపకులు అచ్చు ఆల్డస్ పుస్తకాల్లాంటివే, అలాంటి వాలు అక్షరాలతోనే వేసి అమ్మడం మొదలుపెట్టారు. ఒళ్లు మండిన ఆల్డస్ 1503 మార్చిలో ఒక కరపత్రం వేశాడు. ఆ దొంగ ప్రతుల్లో ఉన్న తప్పులన్నీ జాబితాగా ఇచ్చి, వీటిని బట్టి నకిలీని గుర్తుపట్టండని పాఠకులకు చెప్పాడు. లియాన్‌వాళ్లు ఆ జాబితా దగ్గర పెట్టుకుని తమ తప్పులన్నీ చక్కగా దిద్దుకున్నారట! ఉచితంగా ప్రూఫ్‌రీడింగ్ చేసిపెట్టినట్టయింది.

అంతకుముందే ఆల్డస్ ఈ అక్షరం మీద హక్కులు సంపాదించాడు. వెనిస్ ప్రభుత్వం సరే, 1502లో పోప్ కూడా ఆయన అనుమతి లేకుండా ఇంకెవరూ దీన్ని వాడకూడదని ఉత్తర్వులిచ్చారు. లియాన్‌లో వాటిని పట్టించుకున్నవారు లేరు. కానీ ఆ ఉత్తర్వులతో ఇరుకున పడ్డ మనిషి ఒకడున్నాడు. గ్రిఫో! తన చేత్తో చెక్కిన అక్షరాన్ని వేరే ముద్రాపకుడికి చెక్కి ఇచ్చే వీలు వెనిస్‌లో అతనికి లేకుండాపోయింది.

గ్రిఫో వెనిస్ వదిలాడు. ఏడ్రియాటిక్ తీరంలోని ఫానో పట్టణంలో గెర్షోమ్ సొన్చీనో అనే యూదు ముద్రాపకుడి దగ్గర చేరాడు. 1503లో వాళ్లు వేసిన పెట్రార్క్ పుస్తకం ముందుమాటలో సొన్చీనో కుండబద్దలు కొట్టాడు. ఈ కొత్త అక్షరాన్ని కనిపెట్టింది ఆల్డస్ కాదు, బొలోన్యా ఫ్రాంచెస్కో అని. మరికొన్నేళ్లకు, 1516లో, గ్రిఫో సొంత ఊరు చేరి తనే ముద్రాపకుడయ్యాడు. అరచేతిలో పట్టే బుల్లి పుస్తకాలు వేశాడు. తాను చేసిన అక్షరాలతో ఆల్డస్ సంపదనూ చెరగని కీర్తినీ గడించాడని అప్పుడు రాసుకున్నాడు. ఆ మాటల్లో గర్వముందో బాధ ఉందో విడదీయడం కష్టం.

ఆ తర్వాత కథ విషాదం. గొడవలో అల్లుణ్ని కొట్టి చంపాడన్న ఆరోపణ గ్రిఫో మీద వచ్చింది. ఆపైన అతని జాడ చరిత్రలో దొరకదు. మరణశిక్ష పడి ఉంటుందని కొందరి ఊహ.

ఆల్డస్‌ను దొంగ అనడానికీ వీల్లేదు. పెట్టుబడి, సాహసం, పుస్తకాల ఎంపిక, రాత్రింబగళ్ల కష్టం ఆయనవే. చిన్న పుస్తకంలో కావ్యం వేయాలన్న ఆలోచనా ఆయనదే. కానీ ఆలోచన ఒకరిదై చెయ్యి మరొకరిదైనప్పుడు హక్కు పత్రం ఒక్కరి పేరు మీదే ఉంటే ఏమవుతుందో ఈ కథ చెబుతుంది. అయిదు వందల ఏళ్లు దాటినా అన్ని రంగాల్లోనూ నలుగుతున్న తగవే ఇది.

చివరి వీడ్కోలు

రియాల్టోకు ఇవతల, ఊరి నడిబొడ్డున కాంపో మనీన్ అనే కూడలి ఉంది. మధ్యలో విగ్రహం, దాని పాదాల దగ్గర రెక్కల సింహం. ఇక్కడ 1871 దాకా సాన్ పతెర్నియాన్ చర్చి ఉండేది. తొర్రెసానీ కూతురు మరియాను పెళ్లి చేసుకున్నాక ఆల్డస్ కాపురం, ప్రెస్సు ఈ వాడకే మారాయి. 1515 ఫిబ్రవరి 6న ఆయన ఇక్కడే కన్నుమూశాడు. చర్చిలో ఉంచిన ఆయన భౌతికకాయం చుట్టూ పూలకు బదులు ఆయన వేసిన పుస్తకాలు పేర్చారట. అక్కడ నిలబడితే ఆ దృశ్యం ఊహకు అందుతుంది. చుట్టూ పేర్చిన ఆ పుస్తకాల్లో ఎన్నింటి అక్షరాలు, అప్పటికి బతికే ఉన్న గ్రిఫో చెక్కినవో!

హీరో నుంచి సహాయ పాత్రకు

ఆల్డస్ కాలంలో ఏటవాలు అక్షరమే కథానాయకుడు. పుస్తకం మొదటి నుంచి చివరిదాకా అదే. పేజీల తరబడి చదివితే కళ్లు అలసిపోతాయన్న సంగతి పాఠకులకు నెమ్మదిగా తెలిసొచ్చింది. పదహారో శతాబ్దంలోనే నిటారు అక్షరం ప్రధాన పాత్ర తీసుకుంటే, వాలు అక్షరం పక్కన చేరింది. చేరి, తనకంటూ ఒక పని సంపాదించుకుంది. పేజీలో ఒక మాటను మాత్రం వేరుగా, గొంతు పెంచకుండా వినిపించడం ఆ పని.

ఇంగ్లిష్ పుస్తకాల్లో గ్రంథాల పేర్లు, సినిమాల పేర్లు, ఓడల పేర్లు, పరాయి భాష మాటలు దీంట్లోనే వేస్తారు. సైన్సు పాఠంలో వరికి ఒరైజా సటైవా అనే శాస్త్రీయ నామం వాలుగానే ఉంటుంది, పిల్లలు చేత్తో రాస్తే దాని కింద గీత గీయమంటారు. నిఘంటువులో నామవాచకమో క్రియో చెప్పే చిన్న గుర్తులూ ఇవే.

అసలు సిసలు ఇటాలిక్‌కూ ఊరికే వంచిన అక్షరానికీ తేడా ఇంట్లోనే చూడొచ్చు. కంప్యూటర్లో టైమ్స్ న్యూ రోమన్‌లో ఇంగ్లిష్ చిన్న ‘ఎ’ కొట్టి, వాలుగా చేసే మీట నొక్కితే అది వంగడమే కాదు, రూపమే మారిపోతుంది. పైనున్న కొక్కెం మాయమై, బడిలో పిల్లలు రాసే గుండ్రటి ‘ఎ’ అవుతుంది. అక్షరాల కొసల్లోని చిన్న పట్టీలు కలం ఎత్తినప్పుడు పడే తోకల్లా మారతాయి. అదే ఏరియల్‌లో చేస్తే అక్షరం ఉన్నది ఉన్నట్టు పక్కకు వాలుతుందంతే. మొదటిది చేతిరాతకు వారసురాలు, రెండోది గాలికి ఒరిగిన కరెంటు స్తంభం! తెలుగు అక్షరాన్ని అదే మీటతో వంచితే తలకట్లు, గుడులు జారిపోతున్నట్టు కనిపించేదీ అందుకే. మన లిపి నడక వేరు, వాలు రాత దాని పుట్టుకలో లేదు.

గ్రిఫో పనితనాన్ని ఇరవయ్యో శతాబ్దంలో మళ్లీ వెతికి పట్టుకున్నారు. 1496లో బెంబో రాసిన ఎట్నా పర్వతయాత్ర పుస్తకానికి గ్రిఫో చెక్కిన నిటారు అక్షరాన్ని ఇంగ్లండ్‌లోని మోనోటైప్ సంస్థ 1929లో తిరిగి తెచ్చింది. దానికి పెట్టిన పేరేమిటో తెలుసా? బెంబో! చెక్కినవాడి పేరు కాదు, పుస్తకం రాసినవాడి పేరు. దానికి జోడీగా ఇచ్చిన వాలు అక్షరానికి మూలం కూడా గ్రిఫోది కాదు, తాల్యెంతే అనే మరో వెనిస్ రాతగురువుది. చివరకు వెరోనాలో చేతి ముద్రణకు పేరుపడ్డ మార్డెర్‌స్టైగ్ తను తయారు చేయించిన ఒక అక్షరానికి ‘గ్రిఫో’ అని పేరు పెట్టి కొంత రుణం తీర్చాడు.

సాయంత్రం వేళ సాంత్ అగొస్తిన్ వాడలో జనం పలచబడతారు. పూడ్చిన కాలువ మీద నీడలు వాలుగా సాగుతాయి. గోడ మీది ఫలకంలో ఆల్డస్ పేరు, గ్రీకు సాహిత్యం ప్రస్తావన ఉన్నాయి. గ్రిఫో పేరు లేదు. ఈసారి శుభలేఖ మీద ఒరిగిన అక్షరం కనిపించినప్పుడు, ఆ ఫలకంలో లేని పేరును ఒక్కసారి తలచుకుంటే చాలు.

ఎలా వెళ్లాలి?

హైదరాబాద్ నుంచి గల్ఫ్ లేదా ఐరోపా నగరాల్లో విమానం మారి వెనిస్ మార్కో పోలో విమానాశ్రయం చేరుకోవచ్చు. షెంగెన్ వీసా తప్పనిసరి. రోమ్, మిలాన్‌ల నుంచి రైల్లో వస్తే సాంతా లూచియా స్టేషన్‌లో దిగాలి. అక్కడి నుంచి పడవ బస్సులో సాన్ తొమా రేవుకు చేరితే ఫ్రారీ చర్చి, సాంత్ అగొస్తిన్ వాడ నడకదూరంలోనే ఉంటాయి. రాత్రి బస చేయకుండా ఒక్క రోజుకు వచ్చేవారి నుంచి 2024 నుంచి కొన్ని ఎంపిక చేసిన రోజుల్లో ప్రవేశ రుసుము వసూలు చేస్తున్నారు, ముందుగా చూసుకోవడం మంచిది. సెయింట్ మార్క్ కూడలి పక్కనే ఉన్న మార్చానా గ్రంథాలయం భవనాన్నీ తప్పక చూడాలి. అక్షరాల మీద మరీ ఇష్టముంటే వెనిస్‌కు ఉత్తరాన కొర్నూడా పట్టణంలో ‘తిపొతేకా’ అనే ముద్రణ మ్యూజియం ఉంది. సీసపు అక్షరాలనూ పాత ప్రెస్సులనూ దగ్గరగా చూడొచ్చు.